మహారాజశ్రీ ప్లాస్టిక్ రింగు గారికి

మహారాజశ్రీ పసుపుపచ్చ ప్లాస్టిక్ రింగు గారి దివ్యసముఖానికి, ఆపరేషన్స్ విభాగంలో ప్రింటరు పక్క సీటువాడు నమస్కరించి వ్రాసుకొను విన్నపములు. ఉభయకుశలోపరి.

శనివారం మధ్యాహ్నం హోటల్ బాంకెట్ హాల్లో తమరి దర్శనభాగ్యం కలిగింది. తమరికి గుర్తుండకపోవచ్చు, ఆ రోజు చాలా చేతులు మారారు. రేటింగు ఉత్తరాలు శుక్రవారం సాయంత్రం పంచి, మోటివేషన్ వర్క్‌షాపు శనివారం పెట్టిన ముహూర్తం ఎవరిదోగానీ, పంచాంగం బాగా తెలిసిన మనిషి. పుండు ఆరకముందే కారం చల్లితేనే కదా పట్టేది.

నా ఉత్తరంలో ఏముందో చెప్పనక్కర్లేదు, అందరి ఉత్తరాల్లోనూ ఉండేదే. "మీట్స్ ఎక్స్‌పెక్టేషన్స్", అంటే ఆశించినంత చేశాడు, అంతే. కింద ఒక వాక్యం: మీ కృషిని సంస్థ గుర్తించింది. గుర్తించి ఊరుకుందన్నమాట.

సరే, తమరి సంగతికి వద్దాం. పనీర్ బటర్ మసాలా, గులాబ్ జామూన్ తిని కళ్ళు మూతలు పడుతున్న వేళ, ట్రైనరు గారు నేల మీద ఒక పుల్ల నిలబెట్టి తమరిని మా చేతికిచ్చారు. "ఎక్కణ్ణుంచైనా వేయండి సార్, మీ ఇష్టం" అన్నారు. మా అకౌంట్స్ ఆయన పుల్ల దగ్గరికెళ్ళి, వంగి, తొడిగేసి వచ్చారు. సేల్స్ కుర్రాడు గోడకి వీపు ఆనించి అక్కణ్ణుంచి విసిరితే తమరు దొర్లుకుంటూ వెళ్ళి కాఫీ మెషిన్ కింద దూరారు. నేను మధ్యలో ఒక దూరం చూసుకుని నిలబడ్డాను. తమరు పుల్ల అంచున కాసేపు ఊగి, దయతలచి, లోపలికి దిగారు.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. మా చేత ఆడించింది ఆట కాదట, పరీక్షట. హార్వర్డులో డేవిడ్ మెక్లెలాండ్ అని ఒక మనస్తత్వ శాస్త్రవేత్త ఉండేవారు. మనిషిని పనిలో నడిపించేవి ముఖ్యంగా మూడు ఆకళ్ళు అన్నారాయన. ఏదైనా సాధించాలన్నది ఒకటి, నలుగురిలో కలిసి ఉండాలన్నది ఒకటి, నలుగురి మీద పట్టు ఉండాలన్నది ఒకటి. మొదటి ఆకలి ఉన్నవాడు పుల్ల పక్కన నిలబడడు, అందులో తన గొప్పేముందని. గోడ దగ్గరా నిలబడడు, అక్కణ్ణుంచి పడితే అది అదృష్టం చలవే అని. కాస్త కష్టపడితే పడేలా ఉంది అనిపించే చోటు వెతుక్కుంటాడు.

"చూశారా, సార్‌లో అచీవ్‌మెంట్ ఎంతుందో!" అన్నారు ట్రైనరు గారు. హాలంతా చప్పట్లు. అందరికంటే ముందు కొట్టింది మా మేనేజరు గారు. ముందురోజు నా ఉత్తరం కింద సంతకం పెట్టిన చెయ్యే అది.

ఆ చప్పట్లు ఇంకా చెవుల్లో ఉన్నాయి కాబట్టే తమరికి ఈ శ్రమ.

ఆకలి ఉందని పరీక్ష చేసి మరీ తేల్చారు, సంతోషం. మరి తిండి మాటేమిటి? ఇలాంటివాళ్ళకి ఏం కావాలో కూడా మెక్లెలాండ్ గారు రాసిపెట్టి పోయారు. పని మరీ తేలికగానూ ఉండకూడదు, మరీ అసాధ్యంగానూ ఉండకూడదు. ఫలితం తన చేతిలో ఉండాలి. ఎలా చేశాడో వెంటనే తెలియాలి. ఆలోచిస్తే తమరి దగ్గర ఈ మూడూ ఉన్నాయి. దూరం నేను ఎంచుకున్నాను. విసిరిన చెయ్యి నాది. పడిందో లేదో కళ్ళముందే తేలిపోయింది. తమరు నన్ను అద్దాల గదిలో కూచోబెట్టి, తలుపు దగ్గరకు వేసి, "పడిన మాట నిజమేనయ్యా, కానీ టీములో ఇంకొకరిదీ పడింది, రేటింగుల కోటా కర్వ్ ప్రకారం ఒక్కటే పడాలి" అనలేదు.

మా ఆఫీసులో దూరం పైవాళ్ళు నిర్ణయిస్తారు. నేను చెయ్యెత్తాక పుల్ల జరుపుతారు. ఏప్రిల్‌లో విసిరింది పడిందో లేదో మళ్ళీ మార్చి దాటాక చెబుతారు. అప్పటికి నేనేం విసిరానో నాకే గుర్తుండదు, సెల్ఫ్ అప్రైజల్ ఫారమ్‌లో రాయడానికి పాత మెయిళ్ళు తవ్వుకోవాలి. అంతా తవ్వి రాశాక తెలుస్తుంది, ఎందరికి పడాలో లెక్క ముందే రాసిపెట్టుకున్నారని.

పైగా మా మేనేజరు గారు చెడ్డవాడు కాదు. అదే వచ్చిన తిప్పలు. ఎవరి మొహమూ చిన్నబోతే చూడలేరు. "ఈసారి నీదేనయ్యా, నేను చూసుకుంటాగా" అన్నారు జూన్‌లో, టీ బండి దగ్గర, భుజం మీద చెయ్యేసి. ఆ చెయ్యి బరువుతో ఆడిట్ సీజనంతా రాత్రి భోజనం డెస్కు దగ్గరే చేశాను. శుక్రవారం ఉత్తరాలు వచ్చాక మెట్ల మీద కూచుని మాట్లాడుకుంటే తేలింది. అదే టీ బండి, అదే చెయ్యి, అదే మాట, మా నలుగురికీ! ఉన్న ప్రమోషన్ ఒక్కటి. అది మా నలుగురిలో ఎవరికీ రాలేదు, వేరే ఫ్లోరుకి వెళ్ళిపోయింది. అరచేతిలో వైకుంఠం చూపించేవాళ్ళని చూశాం గానీ, ఒకే అరచేతిలో నాలుగు వైకుంఠాలు పట్టించిన మహానుభావుణ్ణి ఇదే చూడటం.

ఈ జబ్బుకి కూడా పేరుంది రింగు గారూ. మెక్లెలాండ్, బర్న్‌హామ్ అనే ఇంకొకాయనతో కలిసి 1976లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాశారు. అందరికీ ఇష్టుడనిపించుకోవాలన్న ఆకలి మరీ ఎక్కువైన మేనేజరు, ఎదురుగా నిలబడ్డవాడి మొహం చూసి అప్పటికప్పుడు ఏదో ఒక మినహాయింపు ఇచ్చేస్తాడట. ఆ గదిలో లేనివాళ్ళకి అన్యాయం జరుగుతుంది. మెల్లగా ఎవరి బాధ్యత ఏమిటో, ఏ పద్ధతి నమ్మాలో ఎవరికీ తెలియకుండా పోతుంది. మంచి మేనేజరుకి పట్టు కావాలన్న కోరికే ఉండాలి, కాకపోతే ఆ పట్టు సంస్థ బాగు కోసం కావాలి అన్నారు. ఇదంతా ఆదివారం ఫోన్లో చదువుకున్నాను. ట్రైనరు గారి స్లైడుల్లో ఈ ముక్క లేదు. తమరిని మా అందరి చేతికీ ఇచ్చారు గానీ మేనేజరు గారి చేతికి ఇవ్వలేదు, గమనించారా?

స్లైడుల మాట వచ్చింది కాబట్టి మిగిలినవి కూడా. మనిషి అవసరాల్ని అంతస్తులుగా పేర్చే మాస్లో పిరమిడ్ వేశారు, వేయకపోతే వర్క్‌షాపు చెల్లదు. 1943 నాటి ఆయన వ్యాసంలో పిరమిడ్ బొమ్మే లేదు, అది తర్వాతివాళ్ళు కట్టింది. మా ఆఫీసులో దాని అట్టడుగు అంతస్తు ఉచిత కాఫీ, అదీ ఖర్చు తగ్గింపులో పోయింది. తర్వాత హెర్జ్‌బర్గ్ అనే ఇంకో మనస్తత్వ శాస్త్రవేత్త వచ్చారు. జీతం తక్కువైతే మనిషికి అసంతృప్తి కలుగుతుందేగానీ జీతం పెంచినంత మాత్రాన ఉత్సాహం పుట్టదని 1959లో ఆయన చెప్పిన సిద్ధాంతం. ఇంక్రిమెంట్ల నెలలో మా హెచ్ఆర్‌కి ఈయన మీద ఎక్కడలేని భక్తి పొంగుతుంది. మరి ఉత్సాహం పుట్టించేవేమిటని ఆయనే ఒక జాబితా ఇచ్చారు: గుర్తింపు, బాధ్యత, పదోన్నతి వగైరా. ఆ పేజీ దగ్గరికొచ్చేసరికి భక్తి చల్లారుతుంది.

ఒక బొమ్మ చూపించి కథ రాయమన్నారు. బల్ల దగ్గర ఒకాయన, బల్ల మీద పెళ్ళాం పిల్లల ఫోటో. 1930లలో హార్వర్డులో హెన్రీ మర్రే, క్రిస్టియానా మోర్గాన్ మొదలుపెట్టిన పద్ధతి అట. బొమ్మ ఎవరిదైనా, కథలో రాసినవాడి ఆకలి బయటపడుతుందని. సంక్రాంతికి పెట్టిన సెలవు ఇంకా "పెండింగ్ విత్ మేనేజర్" అని చూపిస్తుంటే ఫోటో వంక చూస్తూ కూచున్నాడని రాశాను. "మీలో అనుబంధాల కోసం తపన చాలా ఎక్కువ సార్" అన్నారు ట్రైనరు గారు. తపన కాదండీ, గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో వెయిటింగ్ లిస్టు.

వెనక గోడకి బ్యానరు: "మనమంతా ఒకే కుటుంబం." మా కుటుంబంలో ఆస్తి గొడవ కోర్టుదాకా వెళ్ళింది, అయినా ఎవరి వాటా ఎంతో అందరికీ తెలుసు. ఇక్కడ పక్క సీటువాడి జీతం అడిగితే నోటీసిస్తారు.

ఇక అసలు మంట.

నేను కాకినాడ వాణ్ణి, ఆయ్. స్లైడు మీద మా ఊరి పేరు కనబడగానే నిటారుగా కూచున్నాను. 1964, 65 ప్రాంతంలో మెక్లెలాండ్ బృందం ఈ సాధించాలనే ఆకలిని పెద్దవాళ్ళలో కూడా పెంచగలమా అని చూడటానికి ప్రపంచమంతా వదిలి కాకినాడని ఎంచుకుంది. మా ఊరి వ్యాపారస్తుల్ని జట్లుజట్లుగా హైదరాబాదు తీసుకొచ్చి, సియెట్ సంస్థలో, అంటే ఇప్పుడు యూసఫ్‌గూడలో ఎంఎస్ఎంఈ శిక్షణ సంస్థగా ఉన్నదానిలో, పదేసి రోజులు తర్ఫీదు ఇచ్చారు. తమిళనాట వెల్లూరు వాళ్ళకీ ఇచ్చారు. రాజమండ్రి వాళ్ళని మాత్రం పోల్చి చూడటానికి తర్ఫీదు లేకుండా అలాగే వదిలేశారు. (ఈ మాట తమరు గోదావరి గట్టు మీద ఎత్తకండి, మాకూ వాళ్ళకీ ఉన్న పేచీలు చాలు.)

ఫలితాలు బాగున్నాయి. తర్ఫీదు అయ్యాక ఎక్కువసేపు పనిచేసినవాళ్ళూ, కొత్త వ్యాపారం మొదలెట్టినవాళ్ళూ, కొత్త పెట్టుబడి పెట్టినవాళ్ళూ, కొత్తగా మనుషుల్ని పనిలో పెట్టుకున్నవాళ్ళూ పెరిగారు. ట్రైనరు గారు ఇక్కడ ఆగి, మా అందరి వంకా చూసి, "కాకినాడ చేయగలిగితే మీరెందుకు చేయలేరు?" అన్నారు. మళ్ళీ చప్పట్లు. మా ఊరికి కాబట్టి నేనూ కొట్టాను.

ఎందుకు చేయలేమో ఆ పరిశోధనలోనే ఉంది రింగూ! మెక్లెలాండ్, డేవిడ్ వింటర్ కలిసి 1969లో దీని మీద పుస్తకమే వేశారు. ఆ మార్పు ప్రధానంగా ఎవరిలో కనిపించింది? తన వ్యాపారంలో తనదే ఆఖరి మాట అయినవాళ్ళలో. అన్నగారి కొట్లో, మామగారి మిల్లులో తలూపేవాడికి ఎంత ఉత్సాహం నూరిపోసినా వాడు దాన్ని ఎక్కడ ఖర్చుపెడతాడు? గల్లాపెట్టె తాళం చేతిలో ఉన్నవాడికి తర్ఫీదు ఇస్తే కొట్టు పెరుగుతుంది. తాళం లేనివాడికి ఇస్తే బీపీ పెరుగుతుంది. ఇది 1969 నుంచీ అచ్చులో ఉన్న విషయం. స్లైడు మీద కాకినాడ ఎక్కింది, తాళం ఎక్కలేదు.

మా తాళాల సంగతి చెప్పనా? నా కుర్చీ చక్రం విరిగింది. మార్చాలంటే టికెట్ వేయాలి. టికెట్‌కి మేనేజరు ఒప్పుకోవాలి, ఆయన మేనేజరు ఒప్పుకోవాలి, ఆ తర్వాత ఫెసిలిటీస్ వాళ్ళకి బడ్జెట్ ఉండాలి. నేనిప్పటికీ ఎడమవైపు ఒరిగే పనిచేస్తున్నాను. క్లయింటు బిల్లులో తప్పు నా కళ్ళకి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, దిద్దే హక్కు లేదు. ఇద్దరికి మెయిలు పెట్టి, ఆ తప్పుతోనే బిల్లు వెళ్ళిపోయాక, ఎందుకు చూడలేదని సంజాయిషీ రాసే హక్కు మాత్రం నాదే. ఇలాంటివాణ్ణి పట్టుకుని శనివారం సెలవు మింగేసి, నీలో ఆకలి ఉంది, లేచి పరిగెత్తు అంటారా? ఎటు పరిగెత్తాలి? ముందు ఆ కాళ్ళకున్న అప్రూవల్స్ విప్పండి!

నీ మీద నాకు కోపం లేదులే. మీ చుట్టాలు కొందరు తిరనాళ్ళలో ఉంటారు, సబ్బుపెట్టె అంచుకి తగిలి జారిపోయే రకం. వాళ్ళతో పోలిస్తే నువ్వు పెద్దమనిషివి. పడితే పడ్డానన్నావు, లేకపోతే లేదన్నావు. ఈ ఏడాది నాకు అందిన ఏకైక నిజమైన అప్రైజల్ నీదే.

ఇంకో మేలు కూడా చేశావు, ఒప్పుకోవాలి. నువ్వు కాఫీ మెషిన్ కింద ఇరుక్కున్నప్పుడు నిన్ను తీయడానికి అకౌంట్స్ ఆయన ప్యాంటు ఎత్తుకుని నేలమీద బోర్లా పడుకున్నారు. సేల్స్ కుర్రాడు బ్యానరు కర్ర ఊడబీకి తెచ్చాడు. నేను ఫోన్ లైటు పట్టుకున్నాను. "ఎడమకి గురూ, ఎడమకి" అని హాలంతా అరుపులు. ఎవరి ఉత్తరంలో ఏముందో ఆ కాసేపు ఎవరికీ గుర్తులేదు. ఈ కార్యక్రమం ఎజెండాలో లేదు. మా నాన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడు నా నెలాఖరు లెక్కలు మెయిలూ మెసేజీ లేకుండా పూర్తి చేసి పెట్టింది కూడా ఈ అకౌంట్స్ ఆయనే. వేరే ఉద్యోగం చూసుకోకుండా నన్ను పట్టి ఆపుతున్నది ఇలాంటివాళ్ళు. ఈ సంగతి మా హెచ్ఆర్‌కి బాగా తెలుసు. ఆ మేరకు జీతంలో ముందే కోసుకుంటోందేమోనని నా అనుమానం.

కాబట్టి చివరగా ఒక్క విన్నపం. వచ్చేసారి నిన్ను హాల్లోకి తెచ్చినప్పుడు మా దగ్గరికి రాకు. నేరుగా పైఫ్లోరుకి వెళ్ళు. టీ బండి దగ్గర ఇచ్చిన మాటని పుల్లగా నిలబెట్టి, మా మేనేజరు గారూ ఆయన పైవాళ్ళూ దానికి ఎంత దూరంలో నిలబడి విసురుతారో చూసి రా. ఊరికే చెప్పు చాలు, స్లైడ్లు అక్కర్లేదు.

ఇట్లు,
తమరి విధేయుడు,
ఎక్స్‌పెక్టేషన్స్ మీట్ అయినవాడు.

తా.క.: వర్క్‌షాపు ఎలా ఉందో ఫీడ్‌బ్యాక్ ఫారమ్ నింపమని మెయిలు వచ్చింది. పేరు రాయనక్కర్లేదట, ఎంప్లాయీ ఐడీ మాత్రం తప్పనిసరి. ఐదు చుక్కలకి ఐదూ ఇచ్చాను.