కలుపుగోలు హెడ్మాస్టరుకు కొన్ని కిటుకులు

సమ్మిళిత నాయకత్వం, అంటే వికలాంగులు సహా అందరినీ కలుపుకుని బడి నడపడం, అన్న మాట వినగానే కొందరు ప్రధానోపాధ్యాయులు బెంబేలెత్తిపోతున్నారు. అంత అవసరం లేదు. 1994లో స్పెయిన్‌లోని సలమాంకాలో 92 ప్రభుత్వాల ప్రతినిధులు కూర్చుని, పిల్లలందరికీ ఒకే బడి ఉండాలని ప్రకటించారు. 2006 నాటి ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడిక 24వ అధికరణంలో దాన్నే హక్కుగా రాసింది. రెండింటినీ ఫ్రేము కట్టించి గోడకు తగిలించండి. కాస్త పైకి తగిలిస్తే ఎవరూ చదవరు.

ముందు ర్యాంపు సంగతి చూడాలి, ఫొటోలో పడేది అదే కాబట్టి. ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవుండాలని లెక్క. అంటే 45 సెంటీమీటర్ల అరుగుకు 5.4 మీటర్లు. అంత జాగా పూలమొక్కలకు కావాలి గనక రెండు మీటర్లలో కానిచ్చేయండి. ఎక్కడానికి వెనకనుంచి ఇద్దరు తొయ్యాలి. దిగడానికి ఎవరి సాయమూ అక్కర్లేదు, చక్రాల కుర్చీ దానంతటదే దిగిపోతుంది. ప్రత్యేక మరుగుదొడ్డికి తలుపు లోపలికి తెరుచుకునేలా పెట్టించండి. చక్రాల కుర్చీ లోపలికెళ్ళాక తలుపు మూయడం కుదరదు గనక ఎవరూ వాడరు, గది శుభ్రంగా ఉంటుంది. చీపుర్లు, విరిగిన బల్లలు పెట్టుకోవచ్చు.

అసలు నైపుణ్యం స్టాఫ్ మీటింగులో తెలుస్తుంది. ఎజెండా ముందురోజు పంచకండి, జనం ఆలోచించుకుని వస్తారు. ముందు మీరే మాట్లాడి, నిర్ణయం చెప్పి, ఆ తర్వాత “మీ మీ అభిప్రాయాలు స్వేచ్ఛగా చెప్పండి” అనండి. అని ఒక్క సెకను ఆగండి. అంతకుమించి వద్దు. ప్రశ్న వేశాక టీచర్లు సగటున సెకనుకు మించి ఆగడం లేదనీ, మూడు సెకన్లు ఆగితే పిల్లలు పొడుగ్గా జవాబులు చెబుతారనీ, నోరు విప్పని వాళ్ళు కూడా విప్పుతారనీ మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు తరగతి గదుల్లో గమనించింది. పెద్దవాళ్ళకూ అదే జబ్బు అంటుకుంటే కొంప మునుగుతుంది. అందరికన్నా జూనియరును ముందు మాట్లాడించడం, చీటీల మీద అభిప్రాయాలు రాయించడం లాంటి దుస్సాహసాల జోలికి పోవద్దు. చీటీకి సర్వీసు ఎంతో తెలియదు. ఎవరు రాశారో తేలక, మాటలోని విషయం చూడాల్సి వస్తుంది.

వినికిడి తక్కువున్న పాపను మొదటి బెంచీలో కూర్చోబెట్టండి, మెచ్చుకుంటారు. టీచరు మాత్రం కిటికీకి వీపు పెట్టి నిలబడాలి. వెనక వెలుతురుంటే ముఖం నీడలో పడి పెదవుల కదలిక కనబడదు. బోర్డువైపు తిరిగి పాఠం చెబితే మరీ శ్రేష్ఠం. వికలాంగ పిల్లలకు చెప్పే ప్రత్యేక టీచరు దొరికితే లెక్కల పీరియడులో అలాంటి పిల్లవాణ్ణి ఆ టీచరుతో వరండాలోకి పంపేయండి. పేరు హాజరుపట్టీలో, మనిషి వరండాలో. ఇక క్లాసు టీచరుకు వాడి బాధ్యతే గుర్తుండదు.

తల్లిదండ్రుల సమావేశం పనిరోజు ఉదయం పదకొండింటికి పెట్టండి. కబురు వాళ్ళకు చదవరాని భాషలో పంపితే ఇంకా నయం. రానివారి పేర్ల ఎదురుగా ‘శ్రద్ధ లేదు’ అని రాసుకోవచ్చు. విద్యార్థి సంఘానికి మార్కులు చూసి ఎంపిక చేయండి. వెనక బెంచీవాడొస్తే కుళాయి సంగతి అడుగుతాడు.

తనిఖీ రోజున మరుగుదొడ్డి తాళం తీసి, సామానంతా బయట పెట్టించాలి. ర్యాంపు మీద మాత్రం పెట్టించకండి. బల్లలు జారి వచ్చి తనిఖీ అధికారి కాళ్ళ మీద పడతాయి.