రోజూ నడిపేది ఎవరో ముందు అడగండి

"ఏం లేదు మేడమ్, ఆదివారం సార్‌ని బండి తీసుకుని ఓఆర్‌ఆర్ మీద ఓ అరగంట తిప్పుకు రమ్మనండి. లైటు దానంతటదే పోతుంది."

ఇప్పుడే సర్వీస్ సెంటర్ వాడితో మాట్లాడి ఫోన్ పెట్టేశా. ఒళ్ళు మండిపోతోంది. మధ్యలో సార్ ఎందుకయ్యా? సార్ గారు మియాపూర్‌లో మెట్రో ఎక్కి చల్లగా ఆఫీసుకి పోతారు. ఆయన ఆ స్టీరింగ్ ముట్టుకునేది పండక్కి ఊరెళ్ళేటప్పుడు. మియాపూర్ నుంచి గచ్చిబౌలి దాకా రోజూ దాన్ని ఈడ్చేది నేను. లైటు వెలిగింది నా మొహం ముందు. ఫోన్ చేసింది నేను, బండి నెంబరు చెప్పింది నేను. సలహా మాత్రం సార్‌కి!

సరే, ఆ సంగతి తర్వాత. ముందు ఈ లైటు గోల చూద్దాం.

డీజిల్ బండి ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు, డీపీఎఫ్ లైటు, అంటే డీజిల్ పార్టిక్యులేట్ ఫిల్టర్‌ది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 అనే కాలుష్య రూల్స్ వచ్చాక పొగ గొట్టం దారిలో ఈ ఫిల్టర్ తప్పనిసరైపోయింది. పొగలో ఉన్న మసంతా అందులో చిక్కుకుంటుంది. అది నిండిపోయేసరికి ఇంజను ఇంకాస్త డీజిల్ వదిలి, ఆరు వందల డిగ్రీల వేడి పుట్టించి, ఆ మసిని కాల్చేస్తుంది. ఏర్పాటు బాగానే ఉంది. కాకపోతే ఆ కాల్చుడు పూర్తవ్వాలంటే బండి ఆగకుండా కాసేపు మంచి స్పీడులో పోవాలి. హఫీజ్‌పేట ఫ్లైఓవర్ దిగి కొత్తగూడ చేరేలోపు నాకు థర్డ్ గేర్ పడిందంటే ఆ రోజు కొబ్బరికాయ కొట్టాలి. మసి అంటుకునేలోపు సిగ్నల్, మళ్ళీ అంటుకునేలోపు ఆఫీసు గేటు. అలా మధ్యలో ఆగిపోయినప్పుడల్లా కాలకుండా మిగిలిన డీజిల్ కొంత ఇంజన్ ఆయిల్లోకి జారుతుంది. ఆయిల్ పలచనవుతుంది. దానికి మళ్ళీ వేరే బిల్లు.

కాబట్టి నేనిప్పుడు ఆదివారం పూట ఓఆర్‌ఆర్ ఎక్కి, టోలు కట్టి, డీజిల్ తగలేసి, ఎక్కడికీ పోకుండా ఇంటికి రావాలి. ఎందుకూ? కాలుష్యం తగ్గించే పరికరం ఆరోగ్యంగా ఉండటానికి. పర్యావరణం పది కాలాలు చల్లగా ఉండాలి తల్లీ.

ఇదొక్కటేనా, పక్కన నీలం మూతతో ఇంకో బుల్లి ట్యాంకు. అందులో పోసేది యూరియా. నిజం, యూరియానే. 32.5 శాతం యూరియా, మిగతాది శుద్ధి చేసిన నీళ్ళు. పొగలో ఉండే నైట్రోజన్ ఆక్సైడ్ల పని పట్టడానికట. అది అయిపోవస్తే బండి ముందు బెదిరిస్తుంది, పూర్తిగా అయిపోతే స్టార్టే అవదు. 2025 వానాకాలంలో మధిర దగ్గర మా మేనమామ సొసైటీ ముందు యూరియా కోసం తెల్లారకముందే చెప్పులు వరసలో పెట్టి కూర్చున్నాడు. ఆ రోజుల్లోనే నేనిక్కడ బంకులో బకెట్ కొని కారుకి పోయించాను. పొలంలో చల్లేదీ బండిలో పోసేదీ ఒక రకం కాదని నాకూ తెలుసు, ఎవరూ కెమిస్ట్రీ క్లాసు పీకొద్దు. అయినా మావయ్యతో ఫోన్లో ఈ ముక్క చెప్పడానికి నోరు రాలేదు.

ఇక మా బావగారు, అంటే అక్క మొగుడు. ఆయన స్ట్రాంగ్ హైబ్రిడ్ కొన్నాడు, అదే, పెట్రోలు ఇంజనుతో పాటు బండిని సొంతంగా నడిపే కరెంటు మోటారు కూడా ఉండేది. ఆ రోజు నుంచి ఫ్యామిలీ గ్రూపులో గుడ్ మార్నింగులు బంద్, మైలేజీ స్క్రీన్ ఫొటోలు మొదలు. 23.8. 24.1. కింద రెండు దణ్ణం బొమ్మలు. ఇవాళ నేను ఈ లైటు ఫొటో పెట్టి "ఇదేంటో ఎవరికైనా తెలుసా" అని అడిగితే మొదటి రిప్లై ఆయనదే. "ఏం మరదలా, ఆ డీజిల్ డబ్బా ఇంకా వదల్లేదా?"

బావా, నువ్వు పనిచేసేది ఇంట్లో కూర్చుని. బండి తీసేది శుక్రవారం సాయంత్రం ఖమ్మం పోవడానికి. సూర్యాపేట దాకా 65వ నెంబరు హైవే, అక్కడి నుంచి కూడా నాలుగు లైన్లు. వంద మీద పెట్టుకుని పాటలు వింటూ పోయే నీకేమో హైబ్రిడ్. బంపరుకి బంపరు ఆనించుకుని పాకే నాకేమో డీజిల్. ఆ 24 ఫొటోలన్నీ నువ్వు రైతుబజారుకి వెళ్ళొచ్చినప్పటివి. ఖమ్మం వెళ్ళొచ్చాక తీసిన ఫొటో ఒక్కటైనా పెట్టావా? పెట్టవు. ఎందుకంటే హైవే మీద అది 18 దగ్గర ఆగిపోతుందని అక్క నాకు ఎప్పుడో చెప్పేసింది.

ఇందులో మాయేం లేదు. హైబ్రిడ్ బతికేదే బ్రేకుల మీద. బ్రేకు నొక్కినప్పుడల్లా, యాక్సిలరేటర్ మీద కాలు తీసినప్పుడల్లా చక్రాల ఊపు కరెంటుగా మారి బ్యాటరీలో పడుతుంది. మళ్ళీ కదిలేటప్పుడు ఆ కరెంటే ముందుకి తోస్తుంది. పైగా ఆ బ్యాటరీ ఎంతుంటుందనుకున్నారు? గ్రాండ్ విటారా, హైరైడర్ లాంటి వాటిలో ఒక్క యూనిట్ కరెంటు కూడా పట్టదు. హైవే మీద బ్రేకు ఎక్కడ నొక్కుతాం? ఇంజనే మొత్తం మోయాలి, ఇక అది మామూలు పెట్రోలు బండే. గ్రాండ్ విటారాకి కంపెనీ చెప్పే 27.97, ఇన్నోవా హైక్రాస్‌కి చెప్పే 23.24 ల్యాబులో తీసిన లెక్కలు. మన పంతంగి టోల్ దగ్గర సంక్రాంతి క్యూలో నిలబెట్టి తీసినవి కావు. అయినా క్యూలో నిలబెడితే హైబ్రిడ్డే నెగ్గుతుందనుకోండి, అది వేరే విషయం.

గత నెల నా బండి టైరు పంక్చరైతే అక్క కారు తీసుకుని ఆఫీసుకి పోయాను. కొత్తగూడలో రోజూ ఉండే జామే. ఇంజను చప్పుడు లేదు. ఏసీ మాత్రం చల్లగా వస్తోంది. స్క్రీన్ మీద బ్యాటరీ నుంచి చక్రాలకి చిన్న బాణాలు పాకుతున్నాయి. నా ఎడమ కాలు మాత్రం క్లచ్ కోసం కింద తడుముకుంటూనే ఉంది, లేని దాన్ని రెండుసార్లు తొక్కబోయింది కూడా. ఆఫీసులో దిగాక చూసుకుంటే మోకాలు నొప్పి లేదు. జామ్‌లో మోకాలు నొప్పి లేకుండా దిగడమంటే ఏంటో మాన్యువల్ డీజిల్ నడిపే ఆడవాళ్ళని అడగండి. మైలేజీ గురించి లెక్చర్లు ఇచ్చేవాళ్ళెవరూ ఈ మోకాలి గురించి మాట్లాడరేం?

అలాగని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు కాస్త గట్టిగా తొక్కితే ఆ మూడు సిలిండర్ల ఇంజను ప్రాణం పోతున్నట్టు అరుస్తుంది. అరుపు ముందు వస్తుంది, బండి నింపాదిగా వెనకాల వస్తుంది. నా డీజిల్ అలా కాదు, ఐదుగురం ఎక్కి, డిక్కీలో బియ్యం బస్తా, అరిసెల డబ్బాలు కుక్కి, ఏసీ ఫుల్లుగా పెట్టినా ఫోర్త్ గేర్లో లారీని దాటేస్తుంది. హైవే మీద లీటరుకి 20 దాటిస్తుంది. అన్నట్టు ఆ గ్రాండ్ విటారా, హైరైడర్ హైబ్రిడ్లలో బ్యాటరీ డిక్కీ దగ్గరే చోటు తినేస్తుంది. ఆ బియ్యం బస్తా ఎక్కడ పెట్టుకుంటారో మరి.

లెక్కలు కావాలా? తీసుకోండి. 2025లో హైదరాబాదులో పెట్రోలు 107 చిల్లర, డీజిల్ 95 చిల్లర. సిటీలో నా బండికి 13 వస్తే మహాభాగ్యం. కిలోమీటరుకి ఏడు రూపాయల పైనే. అక్క బండి అదే రూట్లో 21 ఇచ్చింది, కిలోమీటరుకి ఐదు. హైవే మీద తిరగబడుతుంది, నాకు ఐదులోపు, అక్కకి ఆరు. అర్థమైందా? ఇది ఏ బండి గొప్ప అన్న గొడవ కాదు, ఏ రోడ్డు మీద తిరుగుతావు అన్న గొడవ. పైగా ఆ పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలిపి అదే రేటుకి అమ్ముతున్నారు, మైలేజీ కాస్త తగ్గుతుందని సర్కారు వాళ్ళే ఒప్పుకుంటూ. రేటు తగ్గించరేం అని అడిగితే మనం దేశద్రోహులం.

పన్నుల వాళ్ళ తెలివి ఇంకో రకం. నాలుగు మీటర్లు దాటిన కారైతే చాలు, హైబ్రిడ్‌నీ పెద్ద డీజిల్‌నీ 40 శాతం జీఎస్టీలో ఒకే గాటన కట్టేశారు. ఎలక్ట్రిక్‌కి 5. మధ్యలో మెట్టే లేదు. మన దగ్గర పది లక్షలు దాటితే లైఫ్ టాక్స్ వాత ఇంకా ఎక్కువ. యూపీలో 2024 జులైలో స్ట్రాంగ్ హైబ్రిడ్లకి రిజిస్ట్రేషన్ పన్ను ఎత్తేశారు. ఇక్కడ ఆ ఏడాది నవంబరులో ఎలక్ట్రిక్ వాటికి మాత్రం ఎత్తేశారు. హైబ్రిడ్ కొనేవాడు ఎవరికీ చుట్టం కాదు.

ఇంకో జాతి ఉంది, మైల్డ్ హైబ్రిడ్ అని. మామూలు ఇంజనుకి కాస్త పెద్ద బ్యాటరీ, ఒక స్టార్టర్ జనరేటర్ తగిలించి వెనకాల హైబ్రిడ్ అని బిళ్ళ అంటించే జాతి. ఆ బండి కరెంటు మీద సొంతంగా ఒక్క గజం కూడా కదలదు. 2017 దాకా వీటికీ కేంద్రం సబ్సిడీ ఇచ్చింది, అంటే ఆ బిళ్ళకి మన డబ్బులు కూడా పోయాయి. మా ఆఫీసులో ఒకతను అదే కొని "నాదీ హైబ్రిడ్డే మేడమ్" అంటాడు. నవ్వి ఊరుకుంటా, ఏం చేస్తాం.

ఇప్పుడు కింద కొందరు రెడీగా ఉంటారు. "ఇవన్నీ ఎందుకండీ, ఎలక్ట్రిక్ తీసుకోండి." బాబూ, నాకూ సరదానే. సెల్లార్లో చార్జింగ్ పాయింట్ పెట్టుకుంటానని మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారిని అడిగాను. నా ఫ్లాటు, నా పార్కింగు, నా మీటరు. ఆయన ఏమన్నారో తెలుసా? "మీ వారిని మీటింగ్‌కి పంపండమ్మా, మాట్లాడదాం."

అసలు మంట ఇదండీ. డీపీఎఫ్ కాదు, యూరియా కాదు.

ఈ బండి కొనేటప్పుడు షోరూమ్‌కి ఇద్దరం వెళ్ళాం. రోజూ నడిపేది నేనని మొదటి వాక్యంలోనే చెప్పాను. సేల్స్ కుర్రాడు "ఓకే మేడమ్" అన్నాడు. అని, మా ఆయన వైపు తిరిగి ఇంజన్ సీసీ చెప్పడం మొదలెట్టాడు. నాకు సీటు కవర్ల రంగులున్న పుస్తకం ఇచ్చాడు. నిజంగా. చేతిలో పెట్టి, పేజీ కూడా తిప్పి చూపించాడు, ఈ మెరూన్ బాగుంటుంది మేడమ్ అని.

"సిటీలో జామ్ ఎక్కువ, హైబ్రిడ్లు కూడా చూసి అప్పుడు డిసైడ్ అవుదాం" అన్నాను. దానికి జవాబు కూడా మా ఆయనకే. "బ్యాటరీ పోతే లక్షలు సార్, ఎందుకొచ్చిన రిస్కు." ఆ బ్యాటరీలకి ఎనిమిదేళ్ళు, లక్షా అరవై వేల కిలోమీటర్ల వారంటీ ఇస్తున్నారని ఆ కుర్రాడికి తెలియదా? తెలుసు. వాడి దగ్గర స్టాకు డీజిల్ ఉంది, అంతే. డీపీఎఫ్ అన్న మూడక్షరాలు ఆ పూట వాడి నోట్లోంచి రాలేదు. రోజూ ఎన్ని కిలోమీటర్లు, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎంతసేపు పడుతుంది అని ఒక్క ప్రశ్న రాలేదు.

మా ఆయన సంగతా? ఆయన ఇంకా 2012లోనే ఉన్నారు. అప్పట్లో పెట్రోలుకీ డీజిల్‌కీ లీటరుకి ముప్పై రూపాయల దాకా తేడా ఉండేది. ఏ వీధిలో చూసినా ఆ ఫియట్ వారి 1.3 డీజిల్ ఇంజనే, స్విఫ్ట్‌లో అదే, విస్టాలో అదే. "డీజిల్ అంటే డబ్బు మిగులు" అని అప్పుడు ఎక్కింది, 2014 అక్టోబరులో డీజిల్ రేటు మీద కంట్రోల్ ఎత్తేసినా దిగలేదు. మారుతి వాళ్ళే 2020లో డీజిల్ మానేసినా దిగలేదు. ఢిల్లీలో పదేళ్ళ డీజిల్ బండ్లని కోర్టులు అడ్డుకున్నా, కేంద్రం వేసిన కమిటీ 2023లో పెద్ద నగరాల్లో 2027 కల్లా డీజిల్ కార్లు ఆపేయమని చెప్పినా, "అవన్నీ జరిగేవి కావులే" అన్నారు. ఇప్పటిదాకా జరగలేదు కూడా, నన్ను సతాయించడానికే అన్నట్టు.

డెలివరీ రోజు తాళం అని పెద్ద అట్టముక్క ఒకటి ఇస్తారు కదా, ఫొటో కోసం. అది ఆయన చేతిలో. నా చేతిలో స్వీట్ బాక్సు. ప్రతి నెలా ఐదో తారీఖున ఈఎంఐ కట్ అయ్యేది ఎవరి అకౌంట్లోంచో ఆ ఫొటోలో కనపడదు. ఆ ఫొటో ఇప్పటికీ వాళ్ళ షోరూమ్ గోడ మీద ఉందట, మా బావే చెప్పాడు నవ్వుతూ.

టెస్ట్ డ్రైవ్ అయినా సరిగ్గా ఇచ్చారా అంటే, షోరూమ్ వెనక ఖాళీ రోడ్డు మీద ఒక రౌండు, యూటర్న్, అయిపోయింది. ఆ ఖాళీ రోడ్డు మీద ఎద్దుల బండి కూడా బాగానే పోతుంది. పొద్దున తొమ్మిదిన్నరకి, మియాపూర్ నుంచి కొత్తగూడ మీదుగా గచ్చిబౌలి దాకా, ఒక రోజు డీజిల్, ఒక రోజు హైబ్రిడ్, డ్రైవింగ్ సీట్లో నన్ను కూర్చోబెట్టి టెస్ట్ డ్రైవ్ ఇచ్చే షోరూమ్ ఎవరికైనా తెలిస్తే నెంబరు ఇన్‌బాక్స్ చేయండి. సీటు కవర్ల పుస్తకం తేవద్దని ముందే చెప్పండి.