నాలుగేళ్ల తర్వాతి జీతం ఎవరికి తెలుసు?

ఇంజినీరింగ్‌లో ఏ బ్రాంచ్ తీసుకోవాలనే చర్చ చివరికి ఒక్క అంకె దగ్గరే ఆగుతుంది: ఈ ఏడాది ఫ్రెషర్లకు ఎంత ఇస్తున్నారు? ఇప్పుడు చేరేవాళ్లకు ఆ అంకెతో పెద్దగా పని లేదు. వాళ్లు ఉద్యోగం వెతుక్కునేది నాలుగేళ్ల తర్వాత. పైగా అదే అంకె చూసి చేరినవాళ్లంతా అప్పుడు ఒక్కసారిగా బయటికొస్తారు.

ఈ సంగతిని ఆర్థికవేత్త రిచర్డ్ ఫ్రీమన్ 1976లోనే కొత్త ఇంజినీర్ల జీతాల మీద రాసిన పరిశోధనా పత్రంలో చూపించాడు. జీతాలు పెరిగితే అడ్మిషన్లు పెరుగుతాయి. ఆ బ్యాచ్ చదువు ముగిసేసరికి జనం ఎక్కువై జీతాలు నీరసపడతాయి. అది చూసి చేరేవాళ్లు తగ్గుతారు, కొన్నేళ్లకు మళ్లీ కొరత. పోయినేడు మంచి ధర పలికిందని ఈ ఏడు అందరూ అదే పంట వేస్తే ఏమవుతుందో రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఫ్రీమన్ వాడుకున్న ‘సాలెగూడు’ సిద్ధాంతం పుట్టింది కూడా వ్యవసాయ ధరల లెక్కల్లోంచే.

అలాగైతే గిరాకీ లేనప్పుడు చేరడమే తెలివైన పని కదా అంటారు కొందరు. అమెరికాలో పెట్రోలియం ఇంజినీరింగ్ సంగతి చూడండి. 2012లో పీపా ముడిచమురు 100 డాలర్ల చుట్టుపక్కల ఉంది. ఆ ఊపులో చేరినవాళ్లు పట్టా పుచ్చుకున్నది 2016లో. ఆ ఏడాది మొదట్లో పీపా ధర 30 డాలర్ల కిందికి దిగిపోయింది, కంపెనీలు ఉన్నవాళ్లనే ఇంటికి పంపుతున్నాయి. సరే, అందరూ వెనక్కి తగ్గుతున్నప్పుడు ధైర్యం చేసి 2016లో చేరినవాళ్లు బాగుపడ్డారా అంటే, వాళ్లు బయటికొచ్చేసరికి 2020 వచ్చింది. ఆ ఏప్రిల్ 20న అమెరికా చమురు ఫ్యూచర్స్ (ముందు తేదీకి సరుకు అందించే ఒప్పందాలు) ధర ఏకంగా సున్నా కిందికి పోయింది. మందను అనుసరించినా, దానికి ఎదురెళ్లినా దెబ్బ తప్పలేదు.

అయినా జీతాల పట్టికలో పెట్రోలియం పైవరసలోనే కనిపిస్తుంది. అమెరికా కార్మిక గణాంకాల ప్రకారం 2023లో ఆ ఇంజినీర్ల మధ్యస్థ వార్షిక వేతనం (సగం మందికి అంతకన్నా ఎక్కువ, సగం మందికి తక్కువ) సుమారు 1,35,000 డాలర్లు, సివిల్ వాళ్లది సుమారు 96,000. అయితే అక్కడ పెట్రోలియం ఇంజినీర్ల ఉద్యోగాలు మొత్తం 20 వేల దరిదాపులే, సివిల్‌వి 3 లక్షల పైమాటే. ఇంకో మెలిక కూడా ఉంది. ఆ లెక్కలోకి వచ్చేది ఆ ఉద్యోగంలో ఉన్నవాళ్లు మాత్రమే. లేఆఫ్ అయ్యి వేరే దారి చూసుకున్నవాడు ఆ అంకెను కిందికి లాగడు, లెక్కలోంచే మాయమవుతాడు.

సాఫ్ట్‌వేర్‌కూ ఈ ఎగుడుదిగుడు తప్పలేదు. 2022 నవంబరులో మెటా 11,000 మందిని తీసేసింది. 2023 జనవరిలో గూగుల్ 12,000, మైక్రోసాఫ్ట్ 10,000 మందిని తగ్గిస్తామన్నాయి.

ఇక ఆఫర్ లెటర్. పైన కనిపించే ‘ప్యాకేజీ’లో ఏమేం కలిపారో విడదీసి చూడాలి. జాయినింగ్ బోనస్ ఒక్కసారి ఇచ్చేది, మధ్యలో మానేస్తే తిరిగి కట్టమనే షరతు కూడా ఉండొచ్చు. షేర్లు చాలాచోట్ల నాలుగేళ్లలో విడతలవారీగా చేతికొస్తాయి, ఈలోగా వాటి ధర ఎటైనా పోవచ్చు. వేరియబుల్ పే అయితే కంపెనీ దయ. ఇవన్నీ తీసేశాక నెలనెలా బ్యాంకులో పడేదే జీతం. స్నేహితుడి ప్యాకేజీ చూసి నిద్ర పాడుచేసుకునేవాళ్లలో ఎంతమంది ఆ కాగితం రెండో పేజీ తిప్పుతారో!

నా దృష్టిలో అసలు ప్రశ్న తొలి జీతం కాదు, పదేళ్ల తర్వాతి జీతం. డేవిడ్ డెమింగ్, కదీమ్ నోరే 2020లో ప్రచురించిన పరిశోధన ప్రకారం కంప్యూటర్ సైన్స్, ఇంజినీరింగ్ లాంటివి చదివినవాళ్లకు మొదట్లో మిగతావాళ్ల కంటే ఉన్న ఆధిక్యం అనుభవం పెరిగేకొద్దీ వేగంగా కరిగిపోతుంది. నైపుణ్యాలు త్వరత్వరగా మారే పనిలో పాత అనుభవానికి విలువ నిలవదు, నిన్న నేర్చుకుని వచ్చిన కుర్రాడు సీనియర్‌తో సమానమైపోతాడు. నిర్మాణ రంగంలో అలా కాదు. అమెరికాలో డ్రాయింగుల మీద సొంతంగా సంతకం పెట్టే లైసెన్సు కావాలంటే పట్టా తర్వాత సాధారణంగా నాలుగేళ్ల అనుభవం, పరీక్షలు కావాలి. జీతం మెల్లగానే పెరుగుతుంది, కానీ ఆ సంతకాన్ని కొత్త బ్యాచ్ వచ్చి లాక్కుపోలేదు.

కాలేజీలు మాత్రం ప్లేస్‌మెంట్ రోజు అంకెలనే, అందులోనూ అన్నిటికన్నా పెద్దదాన్నే, ఫ్లెక్సీ మీద వేస్తాయి. పదేళ్ల కిందట ఇదే బ్రాంచ్‌లో చదివినవాళ్లు ఇప్పుడు ఏం చేస్తున్నారు, అందులో ఎంతమంది ఇంకా ఇంజినీర్లుగానే ఉన్నారు అని అడ్మిషన్ కౌంటర్లో అడిగి చూడండి.