మనోడు గెలిస్తే మెషిన్ మంచిదే

మొన్న కరెంటు బిల్లు ఎందుకింత వచ్చిందని మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో అడిగా. 'నువ్వెప్పుడు ఆ పార్టీలో చేరావురా?' అన్నాడు మావయ్య. బిల్లు సంగతి అక్కడితో సరి.

2019లో చంద్రబాబు ఈవీఎంల మీద అనుమానం పడితే 'ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది' అని నవ్వాడు మా బాబాయి. వైసీపీకి 151 వచ్చాయి. 2024లో 11 దగ్గర ఆగింది, జగన్ బ్యాలెట్ పేపర్లు కావాలన్నారు. ఇప్పుడు బాబాయికి ఈవీఎం పేరెత్తితే మంట. అప్పట్లో మెషిన్లను తిట్టిపోసిన మావయ్యేమో 'ప్రజాతీర్పు, గౌరవించాలి' అంటాడు. ఇద్దరిలో ఒక్కడూ దాని మూత తీసి చూసినోడు కాదు!

ఇది మన దగ్గరే పుట్టిన జబ్బేం కాదులెండి. 1951లో అమెరికాలో ప్రిన్స్‌టన్, డార్ట్‌మత్ కాలేజీ జట్లు ఫుట్‌బాల్ పేరుతో కాళ్లూ ముక్కులూ విరగ్గొట్టుకున్నాయి. తర్వాత ఇద్దరు పరిశోధకులు ఆ ఆట ఫిల్మునే రెండు కాలేజీల విద్యార్థులకూ వేసి చూపించారు. డార్ట్‌మత్ ఆటగాళ్ల తప్పులు ప్రిన్స్‌టన్ వాళ్లకు కనిపించిన వాటిలో సగం కూడా డార్ట్‌మత్ వాళ్లకు కనపడలేదు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. బాబాయి నాటకమాడితే నిలదీయొచ్చు, మనస్ఫూర్తిగా నమ్మి చెప్తుంటే ఏం చేస్తాం?

చదువుకున్నోళ్లయితే మరీనూ. స్టాటిస్టిక్స్ చదివిన మా బావ 2024 పోలింగ్ శాతాలతో ఏకంగా ఎక్సెల్ షీటే తయారుచేశాడు. మరి 2019కి ఎందుకు చేయలేదు బావా అంటే, అప్పుడు తీరిక లేదట!