ట్యాంకు నిండింది, నిండలేదు, నిండింది

ఎంవీపీ కాలనీలోని మా అపార్టుమెంటు మేడ మీద నీళ్ల ట్యాంకుకు పోయిన నెల సెన్సర్ పెట్టించాం. నీరు గీత దాటితే 40 ఫ్లాట్లవారికీ ఫోనులో సందేశం వస్తుంది. మొదటి రాత్రే 61 వచ్చాయి. "ట్యాంకు నిండింది." "ట్యాంకు నిండలేదు." మళ్లీ "నిండింది."

సెన్సర్ అబద్ధమాడలేదు. మోటారు నీళ్లు పోస్తున్నంతసేపూ పైన అలలు లేస్తాయి, గీతకు అటూ ఇటూ వేలెడంత ఊగుతాయి. ప్రతి ఊపుకూ అది నిజమే చెప్పింది. సముద్రం పక్కన కాపురముంటూ అలల మీద ఫిర్యాదు చేయడం మర్యాద కూడా కాదు.

ఐదో అంతస్తు కుర్రవాడికి ఫ్యాక్టరీలో ఇలాంటి అలారాలు చూసుకోవడమే ఉద్యోగం. "90 శాతం దగ్గర మోగనిచ్చి, 80కి దిగాకే రద్దు చేద్దాం, దీన్ని హిస్టెరిసిస్ అంటారండీ. గీత దాటి అర నిమిషం నిలిస్తేనే సందేశం పంపేలా పెడదాం" అన్నాడు. రెండు అంకెలు మారిస్తే చాలు, పైసా ఖర్చు లేదు. ఖర్చు లేని పనికి కొటేషన్లు ఎలా పిలుస్తాం? పైగా ఆ 80 కింద సంతకం ఎవరిది? అరవై సార్లు అరిచిన యంత్రాన్ని ఎవరూ నిలదీయరు, ఒక్క అరుపు తగ్గించిన మనిషిని వదలరు. కార్యవర్గానికి ఆ మాత్రం లోకజ్ఞానం ఉంది.

కుర్రవాడు పట్టు వదల్లేదు. 1994లో వేల్స్‌లోని మిల్‌ఫర్డ్ హేవెన్ రిఫైనరీలో పేలుడుకు ముందు 11 నిమిషాల్లో ఇద్దరు ఆపరేటర్లకు 275 అలారాలు వచ్చాయన్నాడు. అధ్యక్షులవారు కళ్లజోడు సవరించుకున్నారు. "చూశావా బాబూ, మనకు రాత్రంతా కలిపి 61. పొదుపుగానే ఉన్నాం."

మొన్న ఆదివారం రాత్రి మోటారు ఆపడం మరిచిపోతే ట్యాంకు నిజంగానే పొంగింది. సెన్సర్ తన ధర్మం తప్పలేదు. మేమందరం అప్పటికే ఫోన్లు మూగబోయేలా చేసుకున్నాం. వాచ్‌మన్ అయితే తన ఫోనును బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించి పడుకున్నాడు. తెల్లారేసరికి ఐదో అంతస్తు వారి చెప్పు ఒకటి రెండో అంతస్తు మెట్ల మీద దొరికింది.

అత్యవసర సమావేశంలో ఏకగ్రీవంగా తీర్మానించాం: ఇకపై ప్రతి సందేశాన్నీ వాచ్‌మన్ పుస్తకంలో వేళతో సహా రాసి సంతకం చేయాలి. నిన్న ఆ పుస్తకం తిరగేశాను. 19వ వరుస దాకా ముత్యాల్లాంటి అక్షరాలు. అక్కడినుంచి పేజీ చివరి దాకా ఒకటే నిలువు గీత, పక్కన "డిటో". దాని కింద మా కార్యదర్శిగారు, రిటైరైనా వదలని పచ్చసిరాతో, "సరిచూడబడినది" అని రాసి సంతకం పెట్టారు.