ముహూర్తానికి ఎత్తుపళ్లు

మాఘంలో పెళ్లి పెట్టుకున్నవాళ్లకు కార్తీకంలో గుర్తొచ్చే అవయవాలు పళ్లు. హాలు బుక్కయింది, క్యాటరింగ్‌కి అడ్వాన్సు వెళ్లింది, ఇక మిగిలింది అమ్మాయి ఎత్తుపళ్లు లోపలికి నెట్టించడమే.

1899లో ఎడ్వర్డ్ యాంగిల్ అనే అమెరికా దంతవైద్యుడు వంకర పలువరసల్ని మూడు తరగతులుగా విడగొట్టాడు. పాపం, మన సంబంధాల మార్కెట్ ఎరగడు. ఇక్కడ రెండే తరగతులు: ఫొటోలో పడేవి, పడనివి.

"పైవాటికే క్లిప్పులు వేయండి డాక్టరుగారూ, కిందవి ఎవరు చూస్తారు? ఫీజు సగం తీసుకోండి."

కింది పళ్లు సరిచేయకుండా పైవాటిని వెనక్కి లాగితే రెండూ ఢీకొంటాయండీ.

"నాలుగు పళ్లు పీకాలా? పెళ్లికావాల్సిన పిల్లకా!"

కోరపళ్ల వెనకవి తీస్తేనే ఒక్కోచోట ఏడు మిల్లీమీటర్ల దాకా జాగా వస్తుంది. ముందు పళ్లు వెళ్లాల్సింది అక్కడికే.

"పోనీ, వైరు గట్టిగా బిగించండి. ఖర్చుకి వెనకాడం."

పన్ను జరగాలంటే వెనకవైపు ఎముక కరగాలి, ముందువైపు కొత్తది పూడాలి. నెలకు సుమారు ఒక మిల్లీమీటరు. గట్టిగా బిగిస్తే పన్ను చుట్టూ రక్తప్రసరణ ఆగి, ఉన్నచోటే మొరాయిస్తుంది. పైగా వేరు అరిగిపోవచ్చు. మొత్తానికి ఏడాదిన్నర, రెండేళ్ల పని.

"పంతులుగారే సర్దుకున్నారు, మీరు సర్దుకోలేరా?"

ఎముకకు పంచాంగం చదవడం రాదు మరి.

సర్దుకునేవాడు పక్కవీధిలో ఉంటాడు. "వారంలో కొత్త చిరునవ్వు" అని బోర్డు. పుచ్చు కూడా లేని ఆరు పళ్లను మేకుల్లా చెక్కి క్యాపులు తొడుగుతాడు. ఎత్తుపన్ను లోపలికి కనబడాలంటే లోతుగా చెక్కాలి. నరం తగులుతుంది, రూట్ కెనాల్ చేస్తాడు. పోయిన ఎనామిల్ మళ్లీ పుట్టదు. పదీ పదిహేనేళ్లకు క్యాపు మార్చాలి, అప్పటికి లోపల మిగిలిన పంటి మోడు ఇంకా బలహీనపడుతుంది. ఇరవైమూడేళ్ల పిల్ల! ఇది వైద్యం కాదు, ఆల్బమ్ కోసం అంగచ్ఛేదం. వరుడి కింది పళ్లు పైవాటిని దాటి ముందుకొచ్చినా ఎవరూ అడగరు. అది మగాడి గడ్డమట!

పదకొండు, పన్నెండేళ్లప్పుడు, దవడ ఎదిగే వయసులో, తీసి పెట్టుకునే ప్లేటుతో చాలా దూరం వచ్చేది ఈ వ్యవహారం. అప్పుడేమన్నారు? "ఆడపిల్లకి నోట్లో తీగలేంటండీ!"

వెయిటింగ్ హాల్లో చెల్లెలు కూర్చుంది. పదేళ్లది, ముక్కు దిబ్బడ, నోరు తెరిచే ఊపిరి, పై పళ్లు అప్పుడే పెదవి మీదికొచ్చాయి. పనిలో పని దాన్నీ చూస్తామంటే తండ్రి నవ్వేశాడు.

"దానికింకా సంబంధాలు చూడట్లేదు లెండి."