చంపిందెవరో సరే... ఎందుకు చంపినట్టు?

హాస్టల్ రోజుల్లో సస్పెన్స్ సినిమా సీడీ పెడితే చాలు, మా గదిలో ఒకడు పావుగంట కాకుండానే "వీడేరా చంపేది" అని తేల్చేసేవాడు. చాలాసార్లు వాడి మాటే నిజమయ్యేది. ఎలా కనిపెట్టావురా అంటే వాడి లెక్క ఒక్కటే: కాస్త పేరున్న నటుణ్ణి తెచ్చి, పనేమీ ఇవ్వకుండా రెండు సీన్లలో ఊరికే నిలబెట్టారంటే వాడికి క్లైమాక్సులో పనుందన్నమాట. కథలోని ఆధారాలతో వాడికి సంబంధమే లేదు. పారితోషికం లెక్క చూసి హంతకుణ్ణి పట్టేసేవాడు. "సరే, ఎందుకు చంపాడంటావ్?" అని అడిగితే మాత్రం, "ఏదో ఫ్లాష్‌బ్యాక్ ఉంటుందిలే" అని దుప్పటి లాక్కునేవాడు.

మనలో చాలామంది అలా లెక్క కట్టలేం. ఎవరికి పగ ఉంది, ఎవరికి లాభం, ఎవరు పోట్లాడారు అని కారణం పట్టుకుని మనిషి దాకా వెళ్తాం. ఆ అలవాటు హారర్ సినిమా తీసేవాళ్ళకు మనకంటే బాగా తెలుసు. అందుకే కారణాన్నే ఎరగా వేస్తారు.

ఈ ఆట 'స్క్రీమ్' ఆడినంత బాగా ఇంకే సినిమా ఆడలేదని నా అభిప్రాయం. 1996 డిసెంబరులో వచ్చింది. దర్శకుడు వెస్ క్రేవెన్, రాసింది కెవిన్ విలియమ్సన్. ముప్పై ఏళ్ళనాటి సినిమా కాబట్టి గుట్టు మొత్తం విప్పేస్తున్నా. చూడనివాళ్ళుంటే చూసొచ్చి చదువుకోండి.

మొదటి సీన్‌లో ఇంట్లో ఒంటరిగా ఉన్న అమ్మాయి, పొయ్యి మీద పాప్‌కార్న్, ఫోన్‌లో ఎవరిదో గొంతు. ఆ అమ్మాయిగా వేసింది అప్పటికే పెద్ద పేరున్న డ్రూ బారీమోర్. బయట ఆమె బాయ్‌ఫ్రెండ్‌ను కుర్చీకి కట్టేసి ఉంచాడు. అతని ప్రాణం పందెంగా పెట్టి ఫోన్‌లోవాడు అడిగే ప్రశ్న: 'ఫ్రైడే ద థర్టీన్త్'లో హంతకుడెవరు? ఆమె "జేసన్" అని అరుస్తుంది. ఆ సినిమాల వరసలో పేరుమోసిన హంతకుడు జేసనే కాబట్టి, చూస్తున్న మనమూ అదే అంటాం. తప్పు. 1980లో వచ్చిన మొదటి సినిమాలో చంపింది జేసన్ కాదు, వాళ్ళమ్మ. జేసన్ కత్తి పట్టింది రెండో భాగం నుంచి. అంటే హంతకుడెవరో కనిపెట్టమని పిలిచిన సినిమా, మొదటి పది నిమిషాల్లోనే ప్రేక్షకుణ్ణి పరీక్షలో ఫెయిల్ చేసింది. పోస్టర్ మీదున్న హీరోయిన్నీ అక్కడే చంపేసింది. మా హాస్టల్ వాడి పారితోషికం లెక్క కూడా దాంతో గోవిందా.

ఆ తల్లి కారణం చెప్పుకోదగ్గదే. క్యాంపులో పిల్లల్ని కనిపెట్టుకోవాల్సినవాళ్ళు పట్టించుకోక కొడుకు నీళ్ళలో మునిగాడని ఆమె పగ. కానీ సినిమా చివర్లో తప్ప ఆవిడ మనకు కనిపించదు. పరిచయమే లేని మనిషిని ఎలా అనుమానిస్తాం? పజిల్‌గా చూస్తే అది తొండి.

'స్క్రీమ్'లో తొండి లేదు. హత్య జరిగిన మర్నాడు స్కూల్ ఆవరణలో ఫౌంటెన్ దగ్గర ఐదుగురు స్నేహితులు కూర్చుని ఉంటారు. మొదటి సీన్‌లో చనిపోయిన అమ్మాయి కేసీ, ఈ ఐదుగురిలో ఒకడైన స్టూతో ఒకప్పుడు తిరిగిందనీ, అతన్ని వదిలేసి స్టీవ్ దగ్గరికి వెళ్ళిందనీ మాటల్లో బయటపడుతుంది. కుర్చీకి కట్టేసి చంపిన కుర్రాడు ఆ స్టీవే. కారణం మన ఒళ్ళోనే పడింది. కానీ స్టూ నాలుక బయటపెట్టి వెకిలి వేషాలు వేస్తుంటాడు, పక్కవాళ్ళు ఆటపట్టిస్తుంటారు. మనమూ నవ్వేసి ముందుకెళ్ళిపోతాం.

ఈలోగా అనుమానం అసలు కథానాయిక సిడ్నీ ప్రియుడు బిల్లీ మీదికి వెళ్తుంది. ఆమె మీద దాడి జరిగిన మరుక్షణం కిటికీలోంచి దూకి వస్తాడు, జేబులోంచి సెల్‌ఫోన్ జారి కింద పడుతుంది. పోలీసులు పట్టుకెళ్తారు. అతను ఇంకా పోలీసుల దగ్గరుండగానే సిడ్నీకి అదే గొంతుతో ఫోన్ వస్తుంది. అయితే బిల్లీ కాదు అని మనం పేరు కొట్టేస్తాం. అక్కడే పప్పులో కాలేశాం. ముసుగు ఒకటే, గొంతు ఒకటే, కాబట్టి మనిషీ ఒక్కడే అని లెక్క కట్టింది మనమే, సినిమా ఎక్కడా అనలేదు. ఆ గొంతు కూడా రోజర్ జాక్సన్ అనే నటుడిది. షూటింగ్‌లో అతన్ని మిగతా నటులకు కనపడకుండా ఉంచి, నిజంగానే ఫోన్‌లో మాట్లాడించారు.

చివర్లో వంటగదిలో బిల్లీ, స్టూ ఇద్దరూ హంతకులని బయటపడుతుంది. కారణం లేకపోతేనే ఎక్కువ భయంగా ఉంటుందని బిల్లీ ఒక ఉపన్యాసం ఇస్తాడు. ఇచ్చి ఊరుకోడు, వెంటనే తన కారణం చెప్పేస్తాడు. సిడ్నీ తల్లికి తన తండ్రితో సంబంధం ఉందట, అందుకే తన తల్లి ఇల్లు వదిలి పోయిందట. సరే, అర్థమైంది. మరి నీ కారణం ఏంటని స్టూని అడిగితే? స్నేహితుల ఒత్తిడి అంటాడు. తను మరీ సున్నితమట!

థియేటర్లో నవ్వు తెప్పించే మాటే. కానీ ఫౌంటెన్ దగ్గర విన్నది గుర్తుంటే ఒళ్ళు జలదరిస్తుంది. వాడికి చెప్పుకోడానికి కారణం ఉంది: తనను వదిలేసిన అమ్మాయి, ఆమెను తీసుకెళ్ళిన కుర్రాడు. ఆ ఊసే ఎత్తడు. ఒంట్లోంచి రక్తం కారుతుంటే, అమ్మానాన్నలకు తెలిస్తే కోప్పడతారని మాత్రం ఏడుస్తాడు. బిల్లీ నాకు ఏడాదికే మరుపున పడ్డాడు. స్టూ ఇంకా గుర్తున్నాడు.

1997లో వచ్చిన రెండో భాగంలో విలేకరి వేషంలో తిరిగిన బిల్లీ తల్లి హంతకురాలిగా తేలుతుంది, ఆమెకు ఒక కుర్రాడు తోడు. మొదటి సినిమా మొదట్లో అడిగిన ప్రశ్నకు జవాబే రెండో సినిమాకూ జవాబు: అమ్మ. అయినా మళ్ళీ ఫెయిలయ్యాం.

కారణం చెప్పడం వల్ల చప్పబడ్డ సినిమాలూ ఉన్నాయి. 1978 నాటి 'హాలోవీన్'లో హంతకుడు మైకేల్ మయర్స్ లారీ అనే అమ్మాయి వెంట ఎందుకు పడ్డాడో ఎవరికీ తెలియదు. 1981లో రెండో భాగం తీసి, ఆమె అతని చెల్లెలన్నారు. నా మటుకు సగం భయం అక్కడే పోయింది. చెల్లెలు కానివాళ్ళు ఇక తలుపు తీసుకుని పడుకోవచ్చు కదా!

మనవాళ్ళు విరగబడి చూసిన 2005 నాటి 'చంద్రముఖి' ఈ చిక్కును ఇంకో దారిలో విప్పింది. ఇంట్లో జరిగే అరిష్టాలకు అనుమానం ఒక అమ్మాయి మీదికి మళ్ళుతుంది, తీరా చూస్తే ఆ పనులు చేసేది గంగ. కానీ గంగకు ఎవరి మీదా కోపం లేదు. చేతులు గంగవి, పగ ఎప్పుడో చనిపోయిన నర్తకి చంద్రముఖిది. ఎవరు, ఎందుకు అనే రెండు ప్రశ్నలకు ఇద్దరు వేర్వేరు మనుషులు జవాబైతే కారణం పట్టుకుని వెతికేవాడు ఎక్కడికి చేరతాడు?

అయితే ఈ విషయంలో నాకు నిద్ర లేకుండా చేసింది మాత్రం బాబ్ క్లార్క్ తీసిన 'బ్లాక్ క్రిస్మస్', 1974 నాటిది. అమ్మాయిలుండే ఇంటికి పిచ్చి ఫోన్లు వస్తుంటాయి, ఒక్కొక్కరే చనిపోతుంటారు. ఆ అమ్మాయిల్లో ఒకరు జెస్. ఆమె ప్రియుడు పీటర్‌కు కోపం ఎక్కువ. ఆమె గర్భం తీయించుకుంటానందని గొడవపడి, పియానో పగలగొట్టేస్తాడు. ఇంతకంటే కారణం ఏం కావాలి? పోలీసులూ, మనమూ, చివరికి జెస్ కూడా అతనే అనుకుంటాం. చీకటి సెల్లార్‌లో తన దగ్గరికి వచ్చిన పీటర్‌ను ఆమె ఇనుప కడ్డీతో చంపేస్తుంది. కేసు తేలిపోయిందనుకుని పోలీసులు జెస్‌ను మత్తుమందు నిద్రలో వదిలి ఇంట్లోంచి వెళ్ళిపోతారు. కెమెరా మెల్లగా పై అంతస్తు దాటి అటకెక్కుతుంది. ఇంకా ఎవరూ కనిపెట్టని రెండు శవాలు అక్కడే ఉన్నాయి, వాడూ అక్కడే ఉన్నాడు. వాడెవరో, ఎందుకొచ్చాడో చెప్పరు. కింద ఫోన్ మోగడం మొదలవుతుంది. పేర్లు పడుతున్నా మోగుతూనే ఉంటుంది.